గడ్డిదూడ గొంతు

తెల్లవారుజాము. కొట్టంలో ఒక చప్పుడు.

నాలుక చప్పుడు.

గరుకు నాలుక ఎండిన తోలు మీద పోతూ వస్తూ చేసే చప్పుడు... బర్రె తన దూడను నాకుతోంది. దూడ కదలదు. దాని కడుపు నిండా గడ్డి ఉంది.

ఆ గడ్డిదూడ వెనక, మట్టిగోడకు వీపు ఆనించి ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దూడకు గొంతు ఇవ్వడం అతని పని.

పేరు ఎల్లస్వామి. చిందు భాగోతం ఆడిన మనిషి.

ఒకప్పుడు కట్టంగూర్ నుంచి నకిరేకల్ దాకా అటూ ఇటూ ఉన్న ఊళ్లలో అతన్ని ఎరగనివాళ్లు లేరు. ఆడవేషం కట్టేది అతనే. తేలిక చెక్కతో కిరీటాలూ భుజకీర్తులూ చెక్కేది అతనే, వాటికి రంగులు పూసేది అతనే. మద్దెల వదులైతే తోలు బిగించేది అతనే. కథలో గుర్రం సకిలించాలన్నా, అడవిలో నెమలి కూయాలన్నా, ఉయ్యాలలో పసిబిడ్డ ఏడవాలన్నా తెర వెనక ఉండేది ఆ ఒక్క గొంతే.

కోటి విద్యలు కూటి కొరకే అంటారు. ఎల్లస్వామికి కోటి లేవు గాని అయిదారు ఉండేవి. కూడు మాత్రం ఒక పూటకే ఉండేది.

కృష్ణ మీద డ్యాం కడుతున్నారని తెలిసిన ఏడు మేళం చెదిరింది. రాజు వేషం కట్టేవాడు రాళ్లు కొట్టడానికి పోయాడు. మంత్రి తట్టలు మోయడానికి పోయాడు. రాక్షసుడు పట్నంలో రిక్షా తొక్కుతున్నాడని ఎవరో చెప్పారు. ఎల్లస్వామికి వయసు మళ్లింది, భార్య ఎప్పుడో పోయింది, ఎక్కడికీ పోలేదు. చెదలు పట్టిన కిరీటాల పెట్టె ఒకటి గుడిసెలో మిగిలింది. పాత రోజుల సంగతి ఎత్తితే ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చిందట, అని ఆటపట్టించేవాళ్లు. అతనూ నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు...

ఆ శ్రావణంలో సాలమ్మ ఇంట్లో చచ్చింది మాత్రం బర్రె కాదు. దాని దూడ.

సాలమ్మది నాలుగు మెట్టచెలకలున్న కాపు కుటుంబం. కొడుకు గుర్వయ్య డ్యాం దగ్గర రాళ్ల పనికి పోయి, ఎప్పుడో ఒకసారి వచ్చి పోతుండేవాడు. ఇంట్లో సాలమ్మ, కోడలు నర్సింగమ్మ, మనుమరాలు బాలమణి. ఇంకా నొసట తెల్లబొట్టున్న చుక్కబర్రె. వానలు మొండికేసిన ఆ ఏడు ఆ ఇంటికి అన్నం పెట్టింది చేను కాదు, చుక్కబర్రె.

దూడ పోయిన నాడే బర్రె పాలు బిగపట్టింది. పొదుగు రాయిలా అయింది. చెయ్యి పెడితే తన్నింది.

అప్పుడు ఎల్లస్వామికి కబురొచ్చింది.

దూడ తోలును ఉప్పూ బూడిదా రాసి ఆరబెట్టించాడు. లోపల వరిగడ్డి కూరాడు. కాళ్లకు వెదురు పుల్లలు పెట్టాడు. నారతో కుట్టాడు. పైన ఉప్పునీళ్లు చల్లాడు. ఇంతవరకూ ఊళ్లో ఎవరైనా చేస్తారు. ఎల్లస్వామి మాత్రం ఆ దూడకు కళ్లు పెట్టాడు. వేషానికి దిద్దినట్టు కాటుకతో దిద్దాడు. బర్రెకు కళ్లెందుకని సాలమ్మ సణిగింది. కళ్లు లేని వేషం నడవదని ఎల్లస్వామి చెప్పాడు.

బర్రె వచ్చింది. వాసన చూసింది. నాకింది.

అయినా పొదుగులోకి పాలు చేపలేదు.

ఒకటి తక్కువైంది. ఏం తక్కువైందో ఎల్లస్వామికి తెలుసు. దూడ వెనక కూర్చొని, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టి, ముక్కు వెనక నుంచి ఊపిరిని సన్నగా తీసి, ఆకలేసిన దూడలా పిలిచాడు. చుక్కబర్రె చెవులు నిలబడ్డాయి. దాని ఒళ్లంతా ఒకసారి వణికింది. నర్సింగమ్మ చేతిలో ఉన్న చెంబులో పాలు మోగాయి.

బాలమణి పడీపడీ నవ్వింది. మూడేళ్లు నిండిన పిల్ల, మాటలు ఇప్పుడిప్పుడే కుదురుతున్న పిల్ల. ఆ రోజు నుంచి రోజూ ఎల్లస్వామి పక్కన కూర్చొని తనూ దూడలా అరిచేది. అతనిలాగే చెయ్యి అడ్డం పెట్టుకునేది. అరిచి అరిచి, ఉన్నట్టుండి తల్లిని తలచుకొని లేచి ఇంట్లోకి ఉరికేది. ఉరుకుతూనే పిలిచేది. గడప ఎత్తుగా ఉండేది, ఎగిరి దాటాలి. అందుకే ఆ పిల్ల నోట్లో అమ్మ అనే మాట ఎప్పుడూ రెండు ముక్కలయ్యేది.

అమ్—

గడప దూకేది.

—మా.

ఎల్లస్వామి ఆ గడప దాటడానికి లేదు. అతని కులానికి కొట్టం దాకానే దారి. ఇంట్లో పిల్ల ఏం చేసేదో అతను చూడలేదు. విన్నాడంతే. వినడం అతని వృత్తి, విన్నది మరిచిపోయేవాడు కాదు.

భాద్రపదంలో బాలమణికి చలిజ్వరం వచ్చింది.

బండి కట్టారు. నకిరేకల్ దవాఖానకు బయలుదేరారు. అన్నాళ్లూ మొండికేసిన వాన ఆ రోజే కురిసింది. వాగు నిండుగా వచ్చింది. బండి ఈ ఒడ్డునే ఆగింది, సాయంత్రం దాకా ఆగింది. నీళ్లు తగ్గలేదు. పిల్ల తల్లి ఒడిలోనే చల్లబడింది.

వానదేవుడికి కూడా పొద్దూ మాపూ తెలియాలి. ఎవరు చెప్తారు...

గుర్వయ్యకు కబురు పంపారు. అతను ఒక కాంపు నుంచి ఇంకో కాంపుకు మారాడట. కబురు అతని వెనక తిరుగుతోందో, దారిలోనే కూలబడిందో తెలియలేదు. పిల్లను మన్నులో పెట్టడానికి తండ్రి లేడు. నర్సింగమ్మ అన్న ఆ పని చేశాడు.

నర్సింగమ్మ ఏడవలేదు.

మన్ను పోస్తున్నప్పుడు ఏడవలేదు. దినాలనాడు ఏడవలేదు. మాట లేదు. తిండి ముందు పెడితే చూసేది, తియ్యకపోతే ఆ తిండి అట్లాగే ఉండేది. చుట్టాలు వచ్చి గుండెలు బాదుకొని శోకాలు తీశారు, ఆమె వాళ్ల నోళ్లవైపు చూసింది. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మొద్దని సామెత ఉంది. నవ్వనూ ఏడవనూ రాని ఆడదాన్ని ఏం చేయాలో ఏ సామెతా చెప్పలేదు.

ఒక్క పని మాత్రం చేసేది. తెల్లవారుజామున లేచి చెంబు పట్టుకొని కొట్టంలోకి వచ్చేది. ఎల్లస్వామి దూడలా పిలిచేవాడు. బర్రె చేపేది. ఆమె పిండేది. ఒక అబద్ధం ముందు ముగ్గురూ కూర్చునేవాళ్లు.

బతుకమ్మ వచ్చింది. ఊరి ఆడపిల్లలు గునుగుపూలు, తంగేడుపూలు పేర్చుకొని చెరువుకు పోతూ, సాలమ్మ ఇంటి ముందుకు రాగానే పాట తగ్గించేవాళ్లు. దాటినాక మళ్లీ ఎత్తుకునేవాళ్లు. ఆ తగ్గించిన పాటే ఎల్లస్వామికి ఎక్కువ వినపడేది.

ఆ రోజుల్లోనే సాలమ్మ అతని గుడిసె దాకా నడిచి వచ్చింది. ఆమె ఆ వాడకు రావడం అదే మొదటిసారి. గుడిసె ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎల్లస్వామీ, బర్రెను సేపిచ్చినవు," అంది. "నా కోడల్ని ఏడిపియ్యి. ఏడ్వకపోతే గుండె పల్గి సస్తది."

ఎల్లస్వామికి అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోయాడు.

అతని తండ్రి, అతనికి వేషం నేర్పినవాడు, ఒక మాట చెప్పేవాడు. కట్టిన వేషాన్ని మంగళం పాడి దించాలి. ఎంత అలసినా సరే, తెల్లారగట్ల తాళం మోగించి మంగళం పాడి, ముఖం కడిగి, అప్పుడే పండుకోవాలి. "దించకుంట పండుకున్నవనుకో, ఇగ యాసమే నిన్ను కట్టుకుంటది," అనేవాడు.

భాగోతానికి మంగళం ఉంది. కొట్టానికి ఏముంది? దూడ గొంతుకు ఎవరైనా మంగళం పాడతారా... బర్రె వట్టిపోతే ఆ వేషం దానంతటదే దిగుతుంది. అమ్మకు వట్టిపోవడం ఉంటుందా?

ఇదంతా ఆలోచించాడు. ఆలోచించి కూడా, ఒక ముసలిది గుడిసె ముందుకు వచ్చి నిలబడినందుకు ఒప్పుకున్నాడు.

మరునాడు తెల్లవారుజామున దూడలా పిలిచాడు. బర్రె చేపింది. నర్సింగమ్మ పిండుతోంది. అప్పుడు అరచెయ్యి తీసేశాడు. కళ్లు మూసుకున్నాడు. ఎత్తు గడప ఒకటి కళ్ల ముందు పెట్టుకున్నాడు. ఊపిరి తీసుకొని ఉరికాడు — కూర్చున్నచోటనే, గొంతుతో.

"అమ్—

—మా."

చెంబు దొర్లింది. పాలు పేడలో కలిశాయి.

నర్సింగమ్మ లేచింది. ఎల్లస్వామి వైపు చూడలేదు. గడ్డిదూడ దగ్గరికి వచ్చి, దాని తల మీద చెయ్యి పెట్టి, అట్లాగే నిలబడింది. గడప దగ్గర సాలమ్మ చూస్తోంది.

ఏడవలేదు.

ఇంట్లోకి పోయింది. ఆ రోజు అడగకుండానే ఇంత జొన్నగటక తిన్నది.

ఇక రోజూ అంతే. పాలు పిండి కూర్చునేది. కదిలేది కాదు. ఎల్లస్వామి ఆ ఒక్కమాట పిలిస్తే లేచేది. తలస్నానం చేసేది, చేనుకు పోయేది, ఒకటీ అరా మాట్లాడేది. పిలవకపోతే అక్కడే ఉండేది. ఒకరోజు ఒంట్లో బాగాలేక అతను పోలేదు. ఆమె చెంబు పట్టుకొని కొట్టంలోనే కూర్చుంది. పిండలేదు. పాలు నిండిన బర్రె పొద్దెక్కేదాకా అరిచింది, ఆ అరుపు ఊరంతా విన్నది. విని తలుపులు దగ్గరికి వేసుకుంది. మెట్టలో నీళ్లు లేకున్నా ఊరికి నీతులకు కరువు లేదు. చచ్చినపిల్ల గొంతు పిలవడం పాపమని కొందరన్నారు. ఆ ఇంటి పాలు మాత్రం ఎవరూ మానుకోలేదు.

ఎల్లస్వామికి భయం మొదలైంది.

దగ్గు వస్తే అది పసిపిల్ల దగ్గులా వచ్చేది. గుడిసెలో ఒంటరిగా పాత పద్యం ఎత్తుకుంటే సగంలో సన్నబడి విరిగిపోయేది. గుడిసె చూరు మీద కూర్చున్న కాకిని అదిలించబోతే నోట్లోంచి ఆ పిల్ల నవ్వు వచ్చింది. కాకి ఎగరలేదు. అతనే లేచి లోపలికి పోయాడు. ఎన్ని ఆడవేషాలు కట్టాడు, ఎన్ని గుర్రాలూ నెమళ్లూ ఆ గొంతులోంచి వచ్చి పోయాయి! అన్నీ పోయాయి. ఈ ఒక్కటి పోవడం లేదు. తండ్రి చెప్పిన మాట నిజమవుతోందని అతనికి తెలుస్తోంది. దానితోపాటు గొంతు కూడా అరుగుతోంది. రోజూ కొంచెం బొంగురు, రోజూ కొంచెం నొప్పి.

కార్తీకం చలి మొదలైన ఒక తెల్లవారుజామున పెట్టె తెరిచి మేళంనాటి కంచు తాళాలు బయటికి తీశాడు. నడుముకు చుట్టిన గుడ్డలో దోపుకున్నాడు. ఇయ్యాల మంగళం పాడి దించేయాలి. ఆ పిల్లకూ మంచిది, తనకూ మంచిది, ఆ తల్లికి మంచిదో కాదో...

కొట్టంలో కూర్చుంటుండగా తాళాలు ఒకదానికొకటి తగిలాయి. చిన్న మోతే.

నర్సింగమ్మ పిండడం ఆపింది. చిన్నప్పటి నుంచి భాగోతం చూసిన మనిషి. తాళం ఎందుకు వచ్చిందో ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

"ఇయ్యాల వద్దు తాతా," అంది. "దాని బాపు ఇంక రాలే."

ఎల్లస్వామి తల ఎత్తాడు.

"ఉట్టిదని నీకు తెలుసా బిడ్డా?" అని అడిగాడు. అడిగినాక సిగ్గుపడ్డాడు.

ఆమె చుక్కబర్రెను చూసింది. బర్రె గడ్డిదూడ మెడ మీద నాకుతోంది. రోజూ నాకి నాకి ఆ జాగాలో వెంట్రుకలు పోయి తోలు నున్నబడింది. ఒకచోట కుట్టు విడిపోయి గడ్డి బయటికి వచ్చింది. బర్రె ఆ గడ్డిని తినలేదు. దాని చుట్టూ నాకుతోంది.

"గడ్డి అని దానికి తెల్వదా తాతా?" అంది నర్సింగమ్మ. "తెలిసే నాకుతాంది."

తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు చెప్పింది. పిల్ల ముఖం తండ్రి చూడలేదు. మన్ను పొయ్యలేదు. అతను వచ్చేసరికి ఇంట్లో ఏదో ఒకటి మిగిలి ఉండాలి. గౌను మిగిలింది. గౌను మాట్లాడదు. అందుకే ఆ గొంతు పోనివ్వలేదు. ఆయన వచ్చి ఒక్కసారి విన్నాక నీ ఇష్టం, అన్నది.

ఎల్లస్వామి తాళాలను గుడ్డలో గట్టిగా చుట్టాడు. ఆ రోజు నుంచి గొంతును దాచుకోవడం మొదలుపెట్టాడు. పగలంతా మాట్లాడేవాడు కాదు. వేడినీళ్లు తాగేవాడు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. కొట్టంలో ఒక్కమాట, అంతే. ఎన్నో రాజ్యాలు నడిపిన గొంతు ఇప్పుడు ఒక్క మాటను చేతుల్లో దీపంలా కాపాడుకుంటూ రోడ్డు వైపు చూసేది. గుర్వయ్య ఎప్పుడొస్తాడు... అప్పటిదాకా ఇది ఉంటుందా...

గుర్వయ్య వచ్చాడు.

కబురు ఏ కాంపులో పట్టుకుందో గాని అతన్ని పట్టుకుంది. లారీ ఎక్కి నకిరేకల్‌లో దిగి, చీకట్లోనే నడుస్తూ ఊరికి చేరాడు. బిడ్డ లేదని తెలిసే వస్తున్నాడు. తెలిసిన మనిషి నడిచినట్టే, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాడు.

ఇంటి ముందు పందిరి దగ్గరికి వచ్చేసరికి విన్నాడు.

అమ్—

—మా.

భుజం మీది మూట పడిపోయింది. ఉరికాడు. గడప వైపు కాదు, గొంతు వైపు. కొట్టంలోకి తల వంచకుండా దూరి, దూలం నుదుటికి తగిలినా ఆగకుండా, లోపల నిలబడ్డాడు.

బర్రె ఉంది. భార్య ఉంది. కాటుక కళ్ల గడ్డిదూడ ఉంది. దాని వెనక, నోరు ఇంకా మూసుకోని ముసలి ఎల్లస్వామి ఉన్నాడు.

బర్రె తల తిప్పి చూసింది.

కొడతాడనుకున్నాడు ఎల్లస్వామి. కొడితే బాగుండుననుకున్నాడు. గుర్వయ్య నుదుటి మీద నెత్తురు సన్నగా దిగుతోంది. అతను దాన్ని తుడుచుకోలేదు. కాళ్లు మడిచి పేడలోనే కూర్చున్నాడు. చాలాసేపు గడ్డిదూడ ముఖం చూశాడు. అంతా తెలుసుకున్నాడు, ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

"నన్ను పిలువుమను," అన్నాడు. "ఒక్కపారి... బాపూ అని పిలువుమను."

ఎల్లస్వామి నోరు తెరిచాడు.

వెతికాడు. దూడలా అరిచిన బాలమణి ఉంది. నవ్విన బాలమణి ఉంది. తాతా అన్న బాలమణి ఉంది, గడప దూకిన బాలమణి ఉంది. బాపూ అన్న బాలమణి లేదు. ఆ మాట అతను ఎన్నడూ వినలేదు. పిల్లకు మాటలు వచ్చేసరికి తండ్రి రాళ్ల దగ్గర ఉన్నాడు. ఉగాదికి ఒకసారి వచ్చినప్పుడు ఆ గడ్డం మనిషిని చూసి పిల్ల తల్లి కొంగులో దాక్కుంది. పిలవలేదు.

కల్పించవచ్చు. చేతకాని పని కాదు. చూడని రాణులకు ఏడుపు కల్పించినవాడు. గుర్వయ్య కూడా ఆ గొంతులో ఆ మాట వినలేదు, తప్పు పట్టడు. ఏది అన్నా నమ్ముతాడు. అంత దాహంతో ఉన్నాడు.

కాని నర్సింగమ్మకు తెలుసు.

ఎల్లస్వామి నోరు మూసుకున్నాడు. బతుకులో మొదటిసారి, చూసేవాళ్ల ముందు, అతనికి మాట రాలేదు. ఆమె వైపు చూశాడు.

నర్సింగమ్మ బర్రె డొక్కకు తల ఆనించి ఉంది. చేతులు పొదుగు మీదే ఉన్నాయి.

"తాతకు ఆ మాట తెల్వదు," అంది.

కళ్లు మూసుకుంది. గొంతు సవరించుకోలేదు. పొద్దుగూకినాక, వాకిట్లో నిలబడి, రోడ్డు మీద పోయే ఎవరినో చూసి, అవునో కాదో తెలియక, వినపడితే ఏమంటారోనని భయపడుతూ పిలిచే పిల్ల గొంతు ఆమె నోట్లోంచి వచ్చింది.

"బాపూ...?"

చాలా చిన్న గొంతు. అడుగుతున్న గొంతు.

గుర్వయ్య ముందుకు వంగిపోయాడు. నుదురు నేలకు తాకింది. రాళ్లు కొట్టిన ఆ వీపు చప్పుడు లేకుండా ఎగిరెగిరి పడింది. గడప దగ్గర సాలమ్మ నిలబడి ఉంది. కోడలిని ఏడిపించమని ఆమె అడిగింది. ఏడ్చింది కొడుకు.

"బాపూ...?"

మళ్లీ పిలిచింది నర్సింగమ్మ. ఎవరూ అడగలేదు.

"బాపూ...?"

ఎల్లస్వామి నడుము గుడ్డలోంచి తాళాలు తీశాడు. ఇప్పుడు పాడాలి. ఇప్పుడే దించాలి. గొంతు సవరించుకోబోతే దగ్గు వచ్చింది. అది ముసలి దగ్గు, బొంగురు దగ్గు, అతని సొంత దగ్గు. ఎన్నాళ్లకో వచ్చింది. వేషం అతని ఒంటి మీద లేదు. దిగలేదు, ఆమె గొంతులోకి దాటింది. తన ఒంటి మీద లేని వేషాన్ని మంగళం పాడి ఎట్లా దించాలో తండ్రి చెప్పలేదు.

ఎవరూ పిండకుండానే చుక్కబర్రె చేపింది. పాలు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి. చెంబు పక్కనే ఉంది, ఎవరూ జరపలేదు.

అతను తాళాలు పట్టుకొని కూర్చున్నాడు. బయట తెల్లవారుతోంది. ఆమె కళ్లు తెరవలేదు.

కొట్టంలో ఒక చప్పుడు...

నాలుక చప్పుడు. గరుకు నాలుక నున్నబడిన తోలు మీద పోతూ వస్తూ ఉంది.